స్క్రిప్టు లేని చోటికి వెళ్లినవాడు

హాస్టల్లో డబ్ల్యూడబ్ల్యూఈ మాట ఎత్తితే చాలు, ఎవడో ఒకడు "అదంతా ఫేక్ రా" అనేస్తాడు. దాంతో చర్చ అయిపోతుంది. చిన్నప్పుడు టెన్ స్పోర్ట్స్ ముందు నోరు తెరుచుకుని కూర్చున్నవాళ్లు, ట్రంప్ కార్డుల కోసం కొట్టుకున్నవాళ్లు కూడా ఇప్పుడు అదే మాట అంటారు. 2023 సెప్టెంబరులో డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్లు హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియానికి వచ్చి షో చేసినప్పుడు జాన్ సీనా కోసం గొంతు చించుకున్నది కూడా ఇలాంటివాళ్లే. అది వేరే విషయం.

నాకు మాత్రం ఆ మాట దగ్గరే అసలు ప్రశ్న మొదలవుతుందనిపిస్తుంది. సరే, ఎవరు గెలవాలో ముందే రాసి ఉంటుంది. మరి ఆ రాసిన ఆటలో టాప్‌లో ఉన్నవాడు ఒకరోజు దాన్ని వదిలేసి, ఎవరూ ఏమీ రాయని ఆటలోకి దిగితే ఏమవుతుంది? ఇది ఊహ కాదు. బ్రాక్ లెస్నర్ ఆ పని చేశాడు. ఒకటి కాదు, రెండు వేర్వేరు ఆటల్లో. ఒకదాంట్లో టీమ్‌లో చోటే దొరకలేదు, ఇంకోదాంట్లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అదే మనిషి, అదే బలం. మరి తేడా ఎక్కడ వచ్చింది?

ముందు ఒక మాట. ఇంగ్లీషులో ఒలింపిక్స్‌లో ఉండేదాన్నీ, టీవీలో వచ్చే షోనీ రెండింటినీ రెజ్లింగ్ అనే అంటారు. గందరగోళం లేకుండా మొదటిదాన్ని నేను కుస్తీ అనే రాస్తాను. లెస్నర్ అమెరికాలో సౌత్ డకోటా రాష్ట్రంలోని వెబ్‌స్టర్ అనే చిన్న ఊరివాడు. ఇంట్లో పాడి, పొలం. చిన్నప్పటినుంచీ కుస్తీ పట్టాడు. యూనివర్సిటీ ఆఫ్ మిన్నెసోటా తరఫున 2000లో ఎన్‌సీఏఏ హెవీవెయిట్ టైటిల్ గెలిచాడు. అక్కడి కాలేజీ కుస్తీలో అంతకు మించిన మెట్టు లేదు. కాలేజీ రోజుల లెక్క 106 గెలుపులు, 5 ఓటములు. వాటిలో ఒక్కటి కూడా ఎవరూ రాసిచ్చింది కాదు.

కానీ కుస్తీలో డబ్బు లేదు. అదే ఏడాది డబ్ల్యూడబ్ల్యూఈ (అప్పటికి దాని పేరు డబ్ల్యూడబ్ల్యూఎఫ్) కాంట్రాక్టు ఇచ్చింది. 2002 మార్చిలో టీవీలో కనిపించాడు. ఆగస్టులో సమ్మర్‌స్లామ్‌లో ద రాక్‌ని ఓడించి ఛాంపియన్ అయిపోయాడు. వయసు 25. ఐదు నెలల్లో ఆ స్థాయికి ఎవరినీ అంత తొందరగా లేపరు.

ఇక్కడ 'ఫేక్' సంగతి చూద్దాం. ఫలితం ముందే నిర్ణయమవుతుంది, నిజమే. కింద పడటం మాత్రం నిజం. 2003 రెజిల్‌మేనియాలో కర్ట్ యాంగిల్ మీద లెస్నర్ షూటింగ్ స్టార్ ప్రెస్ వేశాడు. తాడు మీద నుంచి వెనక్కి గిరికీ కొట్టి ఎదుటివాడి మీద పడాలి. దూరం సరిపోలేదు, తల నేరుగా మ్యాట్‌కి కొట్టుకుంది. మెదడుకి దెబ్బ తగిలింది. అయినా మ్యాచ్ పూర్తి చేశాడు, రాసి ఉన్నట్టే గెలిచాడు. ఆ షోలో ఫైటర్ మొదటి బాధ్యత ఎదుటివాడిని కొట్టడం కాదు, కాపాడటం. మనం చూసే ప్రతి పవర్‌బాంబ్‌లోనూ ఎత్తేవాడు, పడేవాడు ఇద్దరూ కలిసి పని చేస్తారు. ఒక రకంగా డ్యాన్స్‌లో పార్ట్‌నర్ లాంటివాడు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మరి రెండేళ్లకే ఎందుకు వదిలేశాడు? ఆట మీద విసుగు కంటే ఆ బతుకు మీద విసుగు. ఏడాదిలో ఎక్కువ రోజులు ప్రయాణమే. రాత్రి ఒక ఊళ్లో షో, పొద్దున్నే ఇంకో ఊరికి విమానం. దెబ్బలకి సెలవు ఉండదు. నొప్పి మాత్రలు, పైన వోడ్కా, అలా గడిపానని తర్వాత తన ఆత్మకథలో అతనే ఒప్పుకున్నాడు.

చివరి మ్యాచ్ 2004 మార్చి 14న, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, గోల్డ్‌బర్గ్‌తో. ఇద్దరూ కంపెనీ వదిలిపోతున్నారని జనానికి ముందే తెలిసిపోయింది. మ్యాచ్ నడుస్తున్నంతసేపూ ఇద్దరినీ గేలి చేశారు. స్క్రిప్టులో హీరో ఎవరో రాయొచ్చు కానీ జనం ఏం అరవాలో రాయలేరు కదా. చివర్లో రిఫరీగా ఉన్న స్టోన్ కోల్డ్ ఇద్దరికీ స్టన్నర్ ఇచ్చి పంపాడు. తమాషా ఏమిటంటే, గోల్డ్‌బర్గ్ ఒకప్పుడు అట్లాంటా ఫాల్కన్స్‌కి అమెరికన్ ఫుట్‌బాల్ ఆడి, గాయంతో అది పోయాక రెజ్లింగ్‌లోకి వచ్చినవాడు. లెస్నర్ ఇప్పుడు సరిగ్గా ఆ దారిలోనే ఎదురు వెళ్తున్నాడు.

అమెరికన్ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునే ఆట. లెస్నర్ హైస్కూల్ తర్వాత దాన్ని ఆడలేదు. పైగా వదిలేసిన నెల రోజులకే అతని బైక్‌ని ఒక వ్యాన్ గుద్దింది. దవడ, చెయ్యి విరిగాయి, గజ్జల్లో కండరం దెబ్బతింది. అయినా ఆ జులైలో మిన్నెసోటా వైకింగ్స్ ట్రైనింగ్ క్యాంపుకి పిలిచారు. అంత భారీ శరీరంతో 40 గజాలు దాదాపు 4.7 సెకన్లలో పరిగెత్తాడు మరి. అతను ప్రయత్నించిన స్థానం డిఫెన్సివ్ టాకిల్. బంతి కదిలిన క్షణంలో ఎదురుగా వంగి ఉన్న భారీకాయుడిని తోసుకుని లోపలికి వెళ్లాలి. చూడటానికి బలం ఆటలా ఉంటుంది. కానీ మొదటి అర సెకనులో చేతులు ఎక్కడ పడాలి, నడుము ఎంత కిందికి ఉండాలి, ఎదుటివాడి అడుగు చూసి బంతి ఎటు పోతుందో ఎలా పట్టాలి, ఇదంతా ఉంది. ఎదుటివాళ్లు స్కూలు, కాలేజీ అంతా వేలసార్లు చేసిన పని అది. లెస్నర్ కొన్ని వారాల్లో నేర్చుకోవాలి. ఆగస్టు చివర్లో పేరు తీసేశారు. యూరప్ లీగ్‌లో ఆడి రమ్మన్నారు, కుటుంబానికి దూరంగా వెళ్లలేనన్నాడు.

సరే, తిరిగి రెజ్లింగ్‌కి వద్దామంటే అసలు సమస్య బయటపడింది. డబ్ల్యూడబ్ల్యూఈ నుంచి బయటికి వచ్చేటప్పుడు అతను ఒక కాగితం మీద సంతకం పెట్టాడు. 2010 వరకు ఇంకే రెజ్లింగ్ కంపెనీలోనూ, ఫైటింగ్ కంపెనీలోనూ పని చేయకూడదు. మన ప్లేస్‌మెంట్స్‌లో రెండేళ్ల బాండ్ అంటేనే సీనియర్లు పదిసార్లు లెక్క వేసుకుంటారు. ఇక్కడ 26 ఏళ్లవాడు తనకు తెలిసిన ఒకే ఒక్క పనిని ఆరేళ్లు చేయనని రాసిచ్చాడు. ఫుట్‌బాల్ ఆడేస్తాలే అన్న ధీమాతో సంతకం పెట్టి ఉంటాడని నా అనుమానం. 2005లో కోర్టుకి వెళ్లాడు. కేసు నడుస్తుండగానే జపాన్ వెళ్లి అక్కడి పెద్ద టైటిల్ గెలిచాడు. 2006లో రాజీ కుదిరింది. అప్పుడు గానీ దారి తెరుచుకోలేదు.

ఆ దారి మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్. బాక్సింగ్, కిక్కులు, కుస్తీ, జుజుత్సు అన్నీ కలిపి బోనులాంటి రింగ్‌లో ఆడే ఆట. 2007 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో మొదటి ఫైట్. ఎదుట కొరియాకి చెందిన మిన్ సూ కిమ్, 1996 ఒలింపిక్స్‌లో జూడో రజతం గెలిచినవాడు. నిమిషం తొమ్మిది సెకన్లలో అయిపోయింది. 2008 ఫిబ్రవరిలో యూఎఫ్‌సీలోకి వచ్చాడు. మొదటి ప్రత్యర్థి మాజీ ఛాంపియన్ ఫ్రాంక్ మిర్.

ఈ ఫైట్ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. గంట కొట్టగానే లెస్నర్ మిర్‌ని కింద పడేసి పైనుంచి గుద్దుతాడు. తల వెనక కొట్టాడని రిఫరీ మధ్యలో ఆపి పాయింటు కోస్తాడు. మళ్లీ మొదలు, మళ్లీ మిర్ కిందే. ఎవరు చూసినా లెస్నర్ గెలుస్తున్నాడనే అంటారు. ఇంతలో కింద ఉన్న మిర్ అతని కాలు పట్టుకుని, మోకాలిని తన నడుముతో ఎదురు దిక్కుకి వంచడం మొదలుపెట్టాడు. నీబార్ అంటారు దాన్ని. ఒప్పుకోకపోతే మోకాలు పోతుంది. లెస్నర్ చేత్తో తట్టి ఓటమి ఒప్పుకున్నాడు. ఒక నిమిషం ముప్పై సెకన్లు.

ఏం జరిగిందంటే, కుస్తీలో పైన ఉన్నవాడిదే పైచేయి. కింద ఉన్నవాడి పని తప్పించుకోవడం. కాలు విరిచే పట్లు రూల్స్‌లోనే ఉండవు కాబట్టి ఆ కాలు గురించి భయం ఉండదు. మా బ్రాంచ్ భాషలో చెప్పాలంటే, అతని శరీరానికి ఇన్నేళ్లు ఇచ్చిన ట్రైనింగ్ డేటాలో ఆ కేసే లేదు. డబ్ల్యూడబ్ల్యూఈలో కూడా ఎవరో వచ్చి కాలు పట్టేవాళ్లు, ఇతను అరిచేవాడు. కానీ పట్టుకున్నవాడు విరగకుండా చూసుకునేవాడు.

చాలామంది అక్కడితో కథ అయిపోయిందనుకున్నారు. ఆరు నెలలకి హీత్ హెరింగ్ మీద మూడు రౌండ్లూ గెలిచాడు. నవంబరులో 45 ఏళ్ల రాండీ కుటూర్‌ని రెండో రౌండులో పడగొట్టి యూఎఫ్‌సీ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. మొత్తం కెరీర్‌లో అది అతని నాలుగో ఫైట్! హెవీవెయిట్ పరిమితి 265 పౌండ్లు, అంటే దాదాపు 120 కిలోలు. ఇతను ఆ పరిమితిలోకి రావడానికి బరువు తగ్గించుకోవాల్సి వచ్చేది. చేతులకి 4ఎక్స్ఎల్ గ్లౌజులు. అయినా గెలిపించింది సైజు మాత్రమే కాదు. నిలబడ్డ మనిషిని కింద పడేసి అక్కడే అదిమి ఉంచడం, పదిహేను ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని. ఫుట్‌బాల్‌లో పాత విద్యకి చోటు లేదు. ఇక్కడ ఆటలో సగం అదే.

2009 జులైలో యూఎఫ్‌సీ 100లో మిర్‌ని మళ్లీ కలిశాడు. ఈసారి కాలు ఇవ్వలేదు. రెండో రౌండులో అయిపోయింది. గెలిచాక కెమెరాకి మధ్యవేలు చూపించాడు, స్పాన్సర్ బీరు కంపెనీని తిట్టాడు, జనాన్ని రెచ్చగొట్టాడు. డబ్ల్యూడబ్ల్యూఈలో విలన్ మైకు పట్టుకుంటే చేసేది అచ్చంగా ఇదే, అక్కడ దానికి జీతం ఇస్తారు. ఇక్కడ ప్రెస్‌మీట్‌లో క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. పట్లు మార్చుకున్నాడు కానీ మైకు అలవాటు పోలేదన్నమాట.

తర్వాత దెబ్బకొట్టింది ప్రత్యర్థి కాదు, పేగు. 2009 చివర్లో డైవర్టిక్యులైటిస్ అనే పేగు వ్యాధితో మంచం పట్టాడు. కోలుకుని 2010 జులైలో షేన్ కార్విన్‌తో దిగాడు. మొదటి రౌండంతా చావుదెబ్బలు తిన్నాడు. రెండో రౌండులో కార్విన్ అలిసిపోగానే కింద పడేసి, మెడ బిగించి ఒప్పించాడు. రెండేళ్ల క్రితం ఒక పట్టుకి ఓడినవాడు ఇప్పుడు పట్టుతో గెలిచాడు. కానీ ఆ మొదటి రౌండులో అందరికీ ఒకటి కనిపించింది. మొహం మీద గుద్దులు పడుతుంటే అతను వెనక్కి ముడుచుకుపోతాడు. అక్టోబరులో కెయిన్ వెలాస్క్వెజ్ దాన్నే వాడుకున్నాడు. వెలాస్క్వెజ్ కూడా కాలేజీ కుస్తీ నుంచే వచ్చాడు, కాబట్టి లెస్నర్ పెద్ద ఆయుధం చెల్లలేదు. మిగిలింది గుద్దులు. మొదటి రౌండులోనే బెల్టు పోయింది. 2011లో జబ్బు తిరగబెట్టి పేగులో 12 అంగుళాలు కోసేశారు. ఆ డిసెంబరులో అలిస్టర్ ఓవరీమ్ కడుపులో తన్నిన తన్నుకి కూలిపోయి, రింగ్‌లోనే రిటైర్‌మెంట్ ప్రకటించాడు. 2016లో ఒక్క ఫైట్‌కి తిరిగొచ్చి మార్క్ హంట్ మీద గెలిచాడు కానీ, డోప్ టెస్టులో దొరకడంతో ఆ ఫలితం రద్దయింది. దాన్ని నేను సమర్థించను.

ఇతని పక్కన సీఎం పంక్‌ని పెట్టి చూస్తే విషయం ఇంకా తేటగా కనిపిస్తుంది. పంక్ కూడా పెద్ద స్టార్, 2014లో డబ్ల్యూడబ్ల్యూఈ వదిలేశాడు, యూఎఫ్‌సీలో చేరాడు. ఏళ్లు కష్టపడి శిక్షణ తీసుకున్నాడు. 2016లో 37 ఏళ్ల వయసులో మొదటి ఫైట్. మిక్కీ గాల్ చేతిలో మొదటి రౌండులోనే ఓటమి. 2018లో మైక్ జాక్సన్ చేతిలో మూడు రౌండ్లూ దెబ్బలు తిన్నాడు. పంక్‌కి ధైర్యం తక్కువని నేననుకోను, అన్ని కెమెరాల ముందు దిగడానికి లెస్నర్ కంటే ఎక్కువే కావాలి. అతనికి లేనిది చిన్నప్పటి కుస్తీ. ఇద్దరికీ డబ్ల్యూడబ్ల్యూఈ ఇచ్చింది ఒకటే: పేరు, టికెట్లు అమ్మే శక్తి, దెబ్బతో పని చేసే ఓపిక. గెలిచే విద్య మాత్రం అది ఎవరికీ ఇవ్వలేదు. లెస్నర్ దాన్ని కాలేజీ నుంచి తెచ్చుకున్నాడు.

2012 ఏప్రిల్‌లో లెస్నర్ డబ్ల్యూడబ్ల్యూఈకి తిరిగొచ్చాడు, ఈసారి ఏడాదికి కొన్ని రోజులే పని చేసే కాంట్రాక్టుతో. వేలు బయటికి ఉండే ఫైటింగ్ గ్లౌజులు వేసుకొచ్చాడు. కొత్తగా ఒక పట్టు కూడా తెచ్చాడు, కిమురా అని. చేతిని వెనక్కి మెలిపెట్టి భుజాన్ని తిప్పేస్తారు. 2011 డిసెంబరులో ఫ్రాంక్ మిర్ యూఎఫ్‌సీలో నొగేరా అనే ఫైటర్ మీద ఆ పట్టు వేస్తే చెయ్యి నిజంగానే విరిగింది. నాలుగైదు నెలల తర్వాత లెస్నర్ అదే పట్టుతో ట్రిపుల్ హెచ్ చెయ్యి 'విరగ్గొట్టాడు'. ట్రిపుల్ హెచ్ కట్టు కట్టుకుని తిరిగాడు, ఆగస్టులో సమ్మర్‌స్లామ్‌లో వాళ్లిద్దరి మ్యాచ్‌కి టికెట్లు బాగానే అమ్ముడుపోయాయి.