క్లిప్పులు వేశాక పలువరస ఇంకా చెడినట్టు ఎందుకుంటుంది?

దవడ ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవాళ్ల ఇళ్లలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న వస్తుంది: “క్లిప్పులు వేసి ఏడాది దాటింది. సర్దుకోకపోగా కింది పళ్లు ఇంకా ముందుకొచ్చాయి. డాక్టరుగారేమో అంతా అనుకున్నట్టే జరుగుతోందంటున్నారు. ఎలా నమ్మడం?”

నమ్మవచ్చు. కాకపోతే ఈ సంగతి మొదటిరోజే విడమరిచి చెప్పాల్సింది. తెలియక మధ్యలో క్లిప్పులు తీయించేసుకుంటే నష్టపోయేది పేషెంటే.

కింది దవడ మరీ ముందుకు పెరిగినవారి సంగతి చూద్దాం. ఎముకలు కుదరకపోయినా నోరు తన పని తాను చేసుకోవాలని చూస్తుంది. నాలుక నెట్టుడుకు పై పళ్లు ముందుకు వాలతాయి. కింది పెదవి ఒత్తిడికి కింది పళ్లు లోపలికి ఒరుగుతాయి. దాంతో దవడల మధ్య పది మిల్లీమీటర్ల తేడా ఉన్నా, పళ్ల దగ్గర మూడు నాలుగే కనిపించవచ్చు. ఆ ఒరిగిన పళ్లతోనే ఆపరేషన్‌కు వెళితే సర్జన్ దవడను జరపగలిగేదీ అంతే. ఆపైన పళ్లు ఒకదానికొకటి అడ్డం వస్తాయి, ముఖంలో తేడా అలాగే మిగిలిపోతుంది. అందుకే క్లిప్పులు వేసే ఆర్థోడాంటిస్ట్ ముందుగా పళ్లను వాటి వాటి ఎముక మీద నిటారుగా నిలబెడతారు. ఇన్నాళ్లూ దాగి ఉన్న తేడా అప్పుడు పూర్తిగా బయటపడుతుంది. అద్దంలో చూసుకుంటే బాధగానే ఉంటుంది, ముఖ్యంగా కాలేజీకి వెళ్లే పిల్లలకి. కానీ పళ్లు అలా నిలబడితేనే సర్జన్‌కు దవడను కావలసినంత జరిపే చోటు దొరుకుతుంది.

దీనికి సాధారణంగా ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. ఆపరేషన్ తర్వాత సర్దుబాటుకు ఇంకో ఆరు నెలలు, ఒక్కోసారి ఎక్కువ. ముందే ఆపరేషన్ చేసి తర్వాత క్లిప్పులతో సరిచేసే పద్ధతీ ఉంది, అయితే అది అందరి పలువరసకూ కుదరదు.

అసలు క్లిప్పులతోనే ఎందుకు సరిపోదు?

క్లిప్పులు పళ్లను ఎముకలో జరపగలవు. ఎదుగుదల ఆగిపోయాక ఎముకనే జరపడం వాటివల్ల కాదు. తేడా కొద్దిగా ఉంటే పళ్లతోనే సర్దేయవచ్చు, అది తప్పేమీ కాదు. ముందు పళ్లు కలవక దోసె ముక్క కూడా కొరకలేకపోవడం, ముఖం ఒకవైపుకు తిరగడం, చిన్న దవడవల్ల నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, గ్రహణమొర్రికి చిన్నప్పుడు చికిత్స జరిగి ఇప్పుడు పైదవడ వెనకబడి ఉండటం వంటివాటికి మాత్రం దవడ ఎముకను కదపాల్సి రావచ్చు. నమలడానికీ మాటకీ ఏ ఇబ్బందీ లేకుండా, గడ్డం కాస్త పొడుగ్గా ఉందని ఎవరో అన్నారని ఇంత పెద్ద ఆపరేషన్‌కు తొందరపడవద్దని నేనంటాను.

ఇంకో తొందర పెళ్లి సంబంధాల ఒత్తిడి. “ఆరు నెలల్లో ముహూర్తం, ఈలోపు అయిపోవాలి” అంటే ఎముక వినదు. ఎదుగుదల పూర్తిగా ఆగాకే ఆపరేషన్. ఆడపిల్లల్లో ఇది పదహారు, పదిహేడేళ్లకు ఆగితే, మగపిల్లల్లో ఇంకో రెండు మూడేళ్లు సాగవచ్చు. కింది దవడైతే ఇంకా ఆలస్యంగా ఆగుతుంది. కొన్ని నెలల తేడాతో తీసిన ఎక్స్‌రేలు పోల్చి, మార్పు లేదని తేలాకే ముందుకెళతారు. జ్ఞానదంతాలు అడ్డుంటే చాలామంది సర్జన్లు ఆరు నెలల ముందే తీయించేస్తారు.

లోపల ఏం చేస్తారు?

పూర్తి మత్తు ఇస్తారు. పళ్లు ఎలా కలుస్తున్నాయో సర్జన్ మధ్యమధ్యలో చూసుకోవాలి కాబట్టి ఊపిరి గొట్టం ముక్కులోంచి వేస్తారు. కోతలన్నీ నోటి లోపలే, ముఖం మీద మచ్చ దాదాపు ఉండదు. పైదవడను ముక్కు కింది భాగంలో అడ్డంగా కోసి విడదీస్తారు. ముఖం ఎముకలు ఏ గీతల వెంట విరుగుతాయో 1901లో వివరించిన ఫ్రెంచి సర్జన్ లె ఫోర్ పేరే ఈ కోతకూ ఉంది. ఎముక విడిపోయినా అంగిలి కండలోంచి రక్తం అందుతూనే ఉంటుంది, అందుకే అది బతుకుతుంది. కింది దవడకు చాలాచోట్ల వాడేది 1957లో ఆస్ట్రియా వైద్యులు ట్రౌనర్, ఒబ్వెగెసర్ ప్రచురించిన పద్ధతి. వెనక దంతాల దగ్గర ఎముకను నిలువునా రెండు పొరలుగా చీలుస్తారు. అగ్గిపెట్టెలో లోపలి డబ్బీ జరిగినట్టు పళ్లున్న భాగం ముందుకో వెనక్కో జరుగుతుంది. రెండు పొరలూ వెడల్పుగా ఆనుకునే ఉంటాయి కాబట్టి మామూలుగా వేరే ఎముక తెచ్చి అతకనక్కర్లేదు. చిన్న టైటానియం ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తారు. ఇన్ఫెక్షన్ లాంటిది వస్తే తప్ప వాటిని తీయరు.

ఒకప్పుడు నోటిని ఆరు వారాలు వైర్లతో బిగించేసేవారు. ప్లేట్లు వచ్చాక చాలామందికి రబ్బరు బ్యాండ్లు చాలుతున్నాయి. ఎవరికైనా వైర్లు వేస్తే, వాటిని కత్తిరించే కటర్ పక్కనే ఉండాలి, ఇంట్లో ఒకరికైనా ఎలా కత్తిరించాలో తెలిసి ఉండాలి.

మొదటి వారాలు ఎలా ఉంటాయి?

ఇంట్లోవాళ్లకు ముందే చెప్పాలి: రెండో మూడో రోజుకు ముఖం గుర్తుపట్టలేనంత వాస్తుంది. కమిలిన రంగు మెడ మీదికి, ఛాతీ మీదికి కూడా దిగవచ్చు. చూసి తల్లులు భయపడిపోతారు. వాపులో ఎక్కువ భాగం రెండు మూడు వారాల్లో తగ్గుతుంది, చివరి కాస్తా పోవడానికి నెలలు పడుతుంది. తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి. పైదవడకు చేసి ఉంటే డాక్టరు చెప్పేదాకా ముక్కు చీదకూడదు.

నొప్పి చాలామంది భయపడినంత ఉండదు. ఎక్కువ ఇబ్బంది పెట్టేది తిమ్మిరి. కింది పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం దవడ ఎముక లోపలి నుంచే వెళుతుంది, ఎముక చీల్చినప్పుడు అది సాగుతుంది, నలుగుతుంది. చాలామందికి నెలల్లో, ఏడాదిలోగా స్పర్శ తిరిగొస్తుంది. కొందరికి కొంత మేర శాశ్వతంగా మిగిలిపోతుంది, వయసు పెరిగినకొద్దీ ఆ అవకాశం ఎక్కువ. పెదవిని కదిలించే నరం వేరు కాబట్టి నవ్వు, మాట ఈ తిమ్మిరివల్ల పోవు. ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు సర్జన్‌ను తప్పక అడగాల్సింది దీని గురించే. తిమ్మిరి ఉన్నన్నాళ్లూ వేడి కాఫీతో జాగ్రత్త, పెదవి కాలినా తెలియదు.

తిండి విషయంలో మన వంటింట్లో లోటు లేదు. మొదట పల్చటి రాగిజావ, మజ్జిగ, పప్పుకట్టు, పాలు. డాక్టరు సరేనన్నాక చిదిమిన పప్పన్నం, సాంబారులో నానిన ఇడ్లీ. దాదాపు ఆరు వారాలు నమలడం కూడదు. కుట్లు మానేదాకా ఆవకాయ, కారాల జోలికి వెళ్లవద్దు. అయినా కొన్ని కిలోలు తగ్గుతారు, కాబట్టి రోజుకు ఐదారుసార్లు కొంచెం కొంచెం తీసుకోవాలి. తిన్న ప్రతిసారీ నోరు పుక్కిలించి, పిల్లల మెత్తటి బ్రష్షుతో క్లిప్పులు శుభ్రం చేసుకోవాలి.

రెండో వారంలో దిగులు పుట్టడం మామూలే. సరిగ్గా తినలేరు, మాట ముద్దగా వస్తుంది, అద్దంలో ముఖం తమది కాదనిపిస్తుంది. “ఎందుకు చేయించుకున్నానా” అని ఏడ్చినవాళ్లను ఓదార్చాలి, మందలించకూడదు.

క్లిప్పులు తీసేశాక పళ్లను పట్టి ఉంచే రిటైనర్ పెట్టుకోకపోతే అవి మళ్లీ జరుగుతాయి. ఆపరేషన్ తర్వాతి వారాల్లో పళ్లు కలిసే తీరు ఒక్కసారిగా మారినా, తగ్గిన వాపు ఒకవైపు మళ్లీ పెరిగినా, నోట్లో చీము రుచి తగిలినా, జ్వరం వచ్చినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆ రోజే సర్జన్ దగ్గరికి వెళ్లాలి.