అంతర్నిర్మిత ఫంక్షనులకు వివరణ వ్రాయుట

గత విద్యాసంవత్సరమున మా పాఠశాల కంప్యూటరు సంఘమునకు జేరిన తొమ్మిదవ తరగతి విద్యార్థులు కొందఱు ఒక చిన్న ప్రోగ్రామును సిద్ధము చేసిరి. విద్యార్థి పేరును, పుట్టిన తేదీని తెరపై నున్న గడులలో నింపి బటను నొక్కినచో బదిలీ పత్రపు నమూనా కనబడును. వార్షికోత్సవ దినమున దానిని తలిదండ్రులకు జూపుచుండగా ఒక తండ్రి కండ్లద్దములు సవరించుకొని, "అయ్యవారూ, మా అమ్మాయి ఆగస్టు 14వ తేదీని గదా పుట్టినది? ఇందులో సెప్టెంబరని యున్నదే!" అనెను.

రిజిస్టరుతో సరిచూడగా అందఱి తేదీలును తప్పియున్నవి. 2011 డిసెంబరు 5న పుట్టిన బాలుడు 2012 జనవరి 5న పుట్టినట్లును, 2011 జనవరి 31న పుట్టిన బాలిక మార్చి 3న పుట్టినట్లును తెర చెప్పుచుండెను. అది నమూనా మాత్రమే గావున నెవరికిని నష్టము కలుగలేదు. నిజమైన పత్రములో నిట్టి తప్పు పడినచో దానిని దిద్దించుకొనుటకు తలిదండ్రులు ఎన్ని కార్యాలయముల మెట్లెక్కవలయునో వేఱుగ జెప్ప నక్కఱలేదు. విద్యార్థులు తల వంచుకొని నిలిచిరి. కాని తప్పు వారిది కాదు, నాది. అది యెట్లో చెప్పుటకే యీ వ్యాసము.

తెరపై గనబడు బటనులు, గడులు, జాబితాలు మొదలగువానిని ప్రతి ప్రోగ్రామునకును మొదటినుండి చేసికొనుట కష్టము. గావున ముందే చేసియుంచిన సామగ్రిని వాడుదురు. దానికి యూజర్ ఇంటర్‌ఫేసు ఫ్రేమ్‌వర్కు అని పేరు. మా విద్యార్థులు వాడినది క్యూట్ అనునది. నార్వే దేశమున హావర్డ్ నోర్డ్, ఐరిక్ షామ్-ఎంగ్ అను నిరువురు దీనిని నిర్మించిరి. 1995లో ఇది ప్రజలకు లభించెను. మన కంప్యూటర్లలో చలనచిత్రములను జూపు వీఎల్‌సీ తెర దీనితో గట్టినదే. 2010లో దీనికి క్యూఎంఎల్ అను భాష చేర్చబడెను. ఏ వస్తువు తెరపై నెచ్చట నుండవలయునో ఆ భాషలో వ్రాసి, బటను నొక్కినప్పు డేమి జరుగవలయునో జావాస్క్రిప్టులో వ్రాయుదురు. ఈ రెండవ రచనయే స్క్రిప్టు.

స్క్రిప్టు వ్రాయువారికి కొన్ని ఫంక్షనులు సిద్ధముగా లభించును. ఇంట దంచుకొనకుండ అంగడిలో గొనితెచ్చు పొడులవలె, వానిని చేసిన విధమెఱుగకయే వాడుకొనవచ్చును. అయితే డబ్బాపై నంటించిన చీటీ సరిగా నుండవలయును.

ఆంగ్ల వివరణ పిల్లలకు కష్టమని తలచి నేనే తెలుగులో నొక కాగితము వ్రాసి యిచ్చితిని. తేదీని గట్టు డేట్ అనుదానికి "సంవత్సరము, మాసము, దినము ఇయ్యవలయును" అని వ్రాసి యూరకుంటిని. జావాస్క్రిప్టులో మాసములు 0 నుండి లెక్కింపబడును. జనవరి 0, ఆగస్టు 7, డిసెంబరు 11. దినములు మాత్రము 1 నుండియే! 1995లో జావాస్క్రిప్టు పుట్టినప్పుడు ఈ వింత పద్ధతి జావా భాషనుండి దానికి సంక్రమించెను. మాసము 12 అని యిచ్చినచో ఫంక్షను తప్పని చెప్పదు. నెమ్మదిగా మఱుసటి సంవత్సరపు జనవరికి బోవును. ఫిబ్రవరి 31 అనినచో, ఆ నెలకు 28 దినములే యుండుటచే, మార్చి 3కు బోవును. తప్పును బైటపెట్టు ఫంక్షనుకంటె తప్పును మ్రింగు ఫంక్షనునకే వివరణ యెక్కువ గావలయునని నా కానాడు తెలిసినది.

ఆ పిమ్మట నా కాగితమునంతయు మరల జదివితిని. లోపము లింకను గనబడినవి. రంగును లేతపఱచు లైటర్, ముదురుపఱచు డార్కర్ అను ఫంక్షనులు రెండు గలవు. ఎంత మార్పు గావలయునో తెలుపు అంకె నియ్యకున్నచో లైటర్ 1.5 అనియు, డార్కర్ 2.0 అనియు దామే యనుకొనును. ఒకటి సగము పెంచును, ఒకటి సగమునకు దించును. ఈ జంట కవల లని నేను వ్రాసితిని. కవలలే గాని కొలతలు వేఱు. ఆర్‌జీబీఏ అను ఫంక్షనునకు ఎఱుపు, ఆకుపచ్చ, నీలము, కాంతినాపు గుణము 0 నుండి 1 వఱకే యియ్యవలయును. ఇతరచోట్ల 255 వఱకు లెక్కించుట నేర్చిన బాలునకు ఈ హద్దు చెప్పకున్న దాను గోరిన రంగు దొరకదు. తేదీని అక్షరములలో జూపు ఫంక్షనున పెద్ద ఎమ్ మాసము, చిన్న ఎమ్ నిమిషము. క్విట్ అనునది ప్రోగ్రామును మూయునని వ్రాసితిని. నిజమునకది మూయుమను సంకేతమును మాత్రమే పంపును. సీ ప్లస్ ప్లస్‌లో వ్రాసిన ప్రోగ్రామున నా సంకేతమును మూయు భాగమునకు గలుపకున్నచో బటను నొక్కినను తెర యట్లేయుండును.

అన్నిటికంటె తెలుగువారికి ముఖ్యమైనది క్యూఎస్‌టీఆర్. తెరపై మాటలను ఇతర భాషలలోనికి మార్చుటకై వానిని దీనిలో నుంచుదురు. ఎల్‌అప్‌డేట్ అను పనిముట్టు స్క్రిప్టును నడపదు, చదివి యా మాటలను ఏరును. గావున మాటను సూటిగా వ్రాయవలయును. వేఱొక పేరులో దాచియుంచినచో నది దొరకదు. ముక్కలు ముక్కలుగా నతికినచో మఱియొక చిక్కు: ఆంగ్లమున క్రియ నడుమ వచ్చును, తెలుగున చివర వచ్చును. పూర్ణవాక్యమును వ్రాసి, మారు పేరున్నచోట శాతపు గుర్తును, 1 అంకెను ఉంచినచో అనువాదకుడు దానిని దన భాష కనుకూలముగా జరుపుకొనును. మఱియు మార్క్ అను నొంటిమాట పరీక్ష మార్కో, గుర్తు పెట్టుమనుటయో వాని కెట్లు తెలియును? దానికి ముందుగా రెండు ఏటవాలు గీతలును, ఒక కోలన్ గుర్తును ఉంచి వ్రాసిన వ్యాఖ్య అనువాదకుని యొద్దకు జేరును. అదియు వివరణయే, తఱచుగా మఱవబడునదియు నదియే.

క్యూట్ నిర్మాతలు వివరణను వేఱు పుస్తకమున దాచక, ఫంక్షను వ్రాసిన ఫైలులోనే దానిప్రక్కన వ్యాఖ్యగా వ్రాయుదురు. క్యూడాక్ అను పనిముట్టు ఆ వ్యాఖ్యలను ఏరి పుటలుగా గూర్చును. ఒక ఫంక్షను గైకొను వస్తువునకు వివరణ వ్రాయకున్నచో హెచ్చరించును. ఈ ఏర్పాటు నాకు మిక్కిలి నచ్చినది. కాని వస్తువు పేరు వ్రాసితిమా యని మాత్రమే క్యూడాక్ చూడగలదు. మాసము 0 నుండి యని చెప్పితిమా యని చూడలేదు.

వేసవి సెలవులలో నా కాగితమును దిద్ది వ్రాసితిని. ప్రతి ఫంక్షనునకును ఏమి యియ్యవలయునో, దాని హద్దులేవో, ఇయ్యకున్న నేమి యనుకొనునో, ఏమి తిరిగి వచ్చునో, తప్పిచ్చిన నేమి చేయునో చేర్చి, ప్రతిదాని క్రింద నే నడిపి చూచిన యుదాహరణ నొకటి యుంచితిని. పాఠశాల తెఱచిన పిదప దానిని ఎనిమిదవ తరగతి బాలిక కిచ్చి, ఎవరి నడుగకుండ తన పుట్టిన తేదీని తెరపై దెమ్మంటిని. తెచ్చినది. తెచ్చి, "అయ్యగారూ, దినమునకు 0 ఇచ్చిన నేమగును?" అని యడిగెను. ఇచ్చి చూచితిమి. ఆగస్టు 0 అనగా జూలై 31 వచ్చెను. అది నా కాగితమున లేదు. ఆ సాయంకాలమే వ్రాసి చేర్చితిని.