కుంటేది కాలు – చెప్పేది తల

పిల్లలూ! గుర్రం దేనిమీద నడుస్తుంది? "కాళ్ళమీద" అంటారు మీరు. నిజానికి అది వేళ్ళమీద నడుస్తుంది. ఒక్కొక్క కాలికి నేల తాకే వేలు ఒక్కటే. ఆ వేలి చివర గోరే గిట్ట. మన నడిమివేలికి సాటి వచ్చే వేలు మిగిలి, పక్కవేళ్ళు పరిణామక్రమంలో క్షీణించిపోయాయి. మన ఒంగోలు ఎద్దుకు నేల తాకే వేళ్ళు రెండు. అందుకే దాని గిట్ట చీలి ఉంటుంది. లాడం కూడా రెండు బిళ్ళలుగా కొడతారు.

మా ఉదయగిరికి గుర్రాలు కొత్త కావు. 1514లో కృష్ణదేవరాయలు ఇక్కడి దుర్గాన్ని గెలిచాడు. ఆ రోజుల్లో విజయనగర సైన్యానికి మేలుజాతి గుర్రాలు అరబ్బు, పారశీక దేశాలనుంచి ఓడలమీద వచ్చేవి. తరువాత జట్కాబండ్ల కాలం వచ్చి వెళ్ళింది. ఇప్పుడు గుర్రం కనబడేది ఎక్కువగా పెళ్ళి ఊరేగింపుల్లోనే.

అలాంటి ఆడగుర్రం ఒకటి మా బడి దారిలో ఉంది. దానికి నాలుగో ఏడు నడుస్తోంది. పుష్యమాసంలో పెళ్ళిళ్ళు ఉండవు కదా! గుర్రానికీ సెలవులే. యజమాని లాడాలు ఊడదీయించి, వానలకు నిండిన చెరువు అంచున, తడిగడ్డిలో రెండు నెలలు వదిలాడు. మాఘం రాగానే ఆత్మకూరులో ఒక పెళ్ళికి బయానా పుచ్చుకున్నాడు. అలవాటు తప్పకుండా, లాడాలు లేకుండానే కంకరరోడ్డుమీద దాన్ని నడిపించసాగాడు.

మూడోనాడు నడకలో ఏదో తేడా కనిపించింది. "ఏం లేదు అయ్యవారూ, బద్ధకం. రెండు దినాలు తిరిగితే సర్దుకుంటుంది" అన్నాడు పెద్దాయన. నాకూ ఏ కాలో అంతుబట్టలేదు. అప్పుడు నా వెంట ఉన్న తొమ్మిదో తరగతి అమ్మాయి, "సార్, దాని తల చూడండి. ఊ కొడుతున్నట్టు ఊపుతోంది!" అంది.

తల ఎందుకు ఊపింది?

గుర్రం కాళ్ళ కదలిక మన కంటికి అందనంత వేగం. పరుగులో నాలుగు కాళ్ళూ ఒక్కసారి నేల వదులుతాయా అన్న అనుమానమే 1878లో అమెరికాలో మైబ్రిడ్జ్ తీసిన వరుస ఫోటోలతోగాని తీరలేదు. వదులుతాయని తేలింది. కాళ్ళు చూసి పట్టుకోలేనిదాన్ని తల చూసి పట్టుకోవచ్చు.

గుర్రం తల, మెడ కలిపి ఒంటి బరువులో దాదాపు పదోవంతు. నిలబడ్డప్పుడు బరువులో సగానికి మించి, సుమారు 60 శాతం, ముందుకాళ్ళే మోస్తాయి. చిన్నపరుగులో ఒక్కొక్క ముందుకాలిమీద ఒక క్షణం ఇంచుమించు ఒళ్ళంత బరువు పడుతుంది. 300 కిలోల గుర్రమైతే, ఆ భారమంతా ఒక్క గోటిమీద! అందుకే నొప్పి ఉన్న ముందుకాలు నేలకు ఆనేటప్పుడు గుర్రం తల పైకెత్తి, బరువును కాస్త వెనక్కి జరుపుతుంది. మంచి కాలు ఆనినప్పుడు తల కిందికి దిగుతుంది.

మేం మళ్ళీ చూశాం. కుడి ముందుకాలు పడ్డప్పుడు తల దిగింది. ఎడమకాలు పడ్డప్పుడు లేచింది. అంటే నొప్పి ఎడమకాలిదే. మెత్తటి ఇసుకలో నడిపిస్తే తేడా బాగా తగ్గింది. గట్టినేలమీద మళ్ళీ కనిపించింది. ఇది ఇంకొక సాక్ష్యం.

గిట్టలో ఏం జరిగింది?

పశువైద్యుడు వచ్చి కాలు ఎత్తి చూశాడు. రాయి ఇరుక్కోలేదు. పట్టకారు వంటి పరికరంతో అరికాలిని చోటుచోటునా నొక్కాడు. ఒకచోట గుర్రం చటుక్కున కాలు లాక్కుంది. లోపల కమిలింది.

గిట్ట కెరాటిన్ అనే పదార్థంతో తయారవుతుంది. మన గోళ్ళూ, వెంట్రుకలూ దానితోనే తయారవుతాయి. గిట్ట గోడ పైనుంచి కిందికి నెలకు ఒక సెంటీమీటరు లోపే పెరుగుతుంది. ముందుభాగం పూర్తిగా కొత్తది కావడానికి ఏడాది దాకా పడుతుంది. తడిలో నానితే మెత్తబడుతుంది. లాడం లేకుండా కంకరమీద నడిస్తే, పెరిగేదానికంటే అరిగేది ఎక్కువవుతుంది. అప్పుడు రాళ్ళ పోటు పలుచని అరికాలికి తగులుతుంది. ఏడాదంతా చెప్పులు వేసుకున్న పిల్లవాడు ఒక్కసారిగా ఉత్తకాళ్ళతో రాళ్ళబాటన నడిచినట్టే.

ఎముకలదీ ఇదే తీరు. మోసే బరువునుబట్టి ఎముక తన నిర్మాణాన్ని మార్చుకుంటుందని జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో వివరించాడు. కాని ఆ మార్పు నెమ్మదిగా జరుగుతుంది. కొద్ది వారాల సాధనతో ఊపిరీ, కండలూ పుంజుకుంటాయి. గిట్టలకూ ఎముకలకూ నెలలు కావాలి. గుర్రం హుషారుగానే ఉంటుంది, పాదాలు మాత్రం సిద్ధంగా ఉండవు. చిక్కంతా ఇక్కడే!

సూదిమందు వేస్తే?

"నొప్పికి ఒక సూది వేయండి సార్, ఊరేగింపు ఒక్కపూట గడిస్తే చాలు" అని బతిమాలాడు పెద్దాయన. ఆయన బాధ నాకు అర్థమైంది. ఆ బయానా డబ్బు అప్పుడే దాణాకు ఖర్చయింది.

వైద్యుడు ఒప్పుకోలేదు. "సూది వేస్తే నొప్పి అణుగుతుంది, దెబ్బ అలాగే ఉంటుంది. నొప్పి తెలియక అది పూర్తి బరువు మోపుతుంది. అప్పుడు ఒక్క పూట పని కోసం ఒక ఏడాది పని పోవచ్చు" అన్నాడు. పెద్దాయన చాలాసేపు గుర్రం మెడ నిమురుతూ నిలబడ్డాడు. తరువాత అప్పుచేసి బయానా తిరిగి పంపించాడు.

గుర్రానికి పొడినేలమీద మూడు వారాల విశ్రాంతి ఇచ్చారు. ఆపైన మట్టిబాటలో రోజుకు పది నిమిషాల నడక, వారం వారం కాస్త పెంపు. గిట్ట గోడ పెరిగాక లాడాలు కొట్టించారు. తల ఊపడం ఆగింది. చైత్రం తరువాతి ముహూర్తాలకు అది మళ్ళీ బయలుదేరింది.

మీ వీధిలో గుర్రమో, ఎద్దో కుంటుతున్నట్టు అనుమానం వస్తే దూరంగా నిలబడి ముందు దాని తల చూడండి. ఏ కాలు పడ్డప్పుడు లేస్తోందో రాసుకోండి. యజమానికి చెప్పండి. అన్నట్టు, సంక్రాంతి సెలవులయ్యాక మొదటిరోజే నాలుగు ఆటల కబడ్డీ ఆడి, మోకాలు పట్టుకుని కూర్చునే వీరులారా! ఈ పాఠం మీక్కూడా వర్తిస్తుంది సుమా!