పసుపు జెర్సీ తొడిగితే ఏడ్చినవాడు

1952 జూలైలో టూర్ డి ఫ్రాన్స్ పోటీ స్విట్జర్లాండ్‌లోని లొసాన్ చేరిన రోజు, ఇటలీ జట్టు రైడర్ ఆంద్రేయా కర్రేయాకు పసుపు జెర్సీ తొడిగారు. అప్పటివరకు మొత్తం దూరాన్ని అందరికంటే తక్కువ సమయంలో తొక్కినవాడికి దక్కే జెర్సీ అది. జీవితమంతా తొక్కినా అది ఒక్కరోజైనా ఒంటిమీదికి రానివాళ్లే ఎక్కువ. కర్రేయా మాత్రం ఏడ్చాడు. తన నాయకుడు ఫౌస్టో కొప్పీ ఉండగా తాను పైకి వెళ్లడం తప్పనుకున్నాడు. ముందుకు దూకిన గుంపు మీద కన్నేసి ఉంచడానికే వాళ్ల వెంట వెళ్లాడు, అంతే. కొప్పీకి కోపమేమీ రాలేదు. మర్నాడే ఆల్ప్ డ్యుయెజ్ కొండ మీద గెలిచి, ఆ జెర్సీని తన ఒంటిమీదికి తెచ్చుకున్నాడు, చివరికి ఆ ఏటి టూర్ కూడా గెలిచాడు. ఇంతకీ కర్రేయా పిరికివాడు కాడు. బుకెన్‌వాల్డ్ నాజీ శిబిరం నుంచి ప్రాణాలతో తిరిగొచ్చిన మనిషి.

ఈ ఏడుపు అర్థం కావాలంటే ముందు గాలి సంగతి తెలియాలి. చదును రోడ్డు మీద గంటకు నలభై కిలోమీటర్ల పైన తొక్కేవాడి శక్తిలో సింహభాగం గాలిని తోసుకుంటూ పోవడానికే ఖర్చవుతుంది. ముందువాడి చక్రానికి దగ్గరగా వెనకే తొక్కితే అందులో దాదాపు మూడో వంతు మిగులుతుంది. గుంపు నడిమధ్యన ఉన్నవాడికి మిగిలేది ఇంకా ఎక్కువ. ఇప్పటి టూర్ 21 రోజుల పోటీ, దూరం సుమారు 3,400 కిలోమీటర్లు. అన్ని రోజులూ ఆదా చేసుకున్న బలమే చివరి కొండ మీద గెలుపవుతుంది. అందుకే ఎనిమిదిమంది జట్టులో ఒకరిద్దరి కోసం మిగతావాళ్లు గాలికి ఎదురు నిలుస్తారు. సైకిల్ పోటీని ఒంటరి ఆట అనుకునేవాళ్లు ఈ లెక్క చూడరు.

గాలికి అడ్డు నిలవడంతో పని అయిపోదు. దాహమేస్తే నాయకుడు వెనక్కి రాడు. సహాయకుడే జట్టు కారు దాకా వెనకబడి, జెర్సీ లోపలా జేబుల్లోనూ నీళ్ల సీసాలు కుక్కుకుని, ఆ బరువుతోనే మళ్లీ గుంపును అందుకోవాలి. బంతిలో వడ్డించేవాడి ఆకలి ఎవరడుగుతారు? అవసరమైతే సైకిలూ ఇచ్చేయాలి. 1934లో ఇరవయ్యేళ్ల రెనే వియెట్టో తన నాయకుడు ఆంతొనెన్ మాన్య కోసం పిరనీస్ కొండల్లో ముందు చక్రం ఊడదీసి ఇచ్చాడు. మర్నాడు దిగిన కొండే మళ్లీ వెనక్కి ఎక్కి సైకిలే ఇచ్చాడు. టూర్ మాన్య గెలిచాడు. వియెట్టో ఎన్నడూ గెలవలేదు. కానీ సాయం కోసం ఎదురుచూస్తూ గోడ మీద కూర్చున్న ఆ కుర్రాడి ఫోటోని ఫ్రాన్స్ ఇప్పటికీ మర్చిపోలేదు.

ఈ పనికి జీతం ఉంది, ఒప్పందాలుంటాయి, మంచి సహాయకుడి కోసం జట్లు పోటీ పడతాయి. విజేతకు వచ్చే బహుమతి డబ్బును జట్టంతా పంచుకోవడం పాత ఆనవాయితీ. అయినా పట్టికలో వాళ్ల స్థానం చాలాసార్లు అడుగునే. బెల్జియంకు చెందిన విమ్ వాన్‌సెవెనంట్ 2006 నుంచి వరుసగా మూడేళ్లు టూర్‌ను ఆఖరి స్థానంలో ముగించాడు. అది చేతకానితనం అనుకోకండి. తన పని ముగిశాక మిగిలిన దూరాన్ని, గడువు దాటకుండా, మర్నాటి పనికి బలం దాచుకుంటూ తొక్కడం కూడా ఈ వృత్తిలో నేర్పే.

ఒక్కోసారి సహాయకుడే గెలుస్తాడు. టూర్ లాంటిదే స్పెయిన్‌లో జరిగే వుయెల్టా. 2023లో అక్కడ అమెరికన్ సెప్ కుస్ అందరికంటే ముందున్నవాడి ఎరుపు జెర్సీలో ఉండగా, అంగ్లీరు కొండ మీద అతని జట్టులోని రోగ్లిచ్, వింగెగార్‌లే అతణ్ని వదిలి ముందుకు పోయారు. అదే ఏడాది ఇటలీలో రోగ్లిచ్ గెలుపుకూ, ఫ్రాన్స్‌లో వింగెగార్ గెలుపుకూ చెమటోడ్చినవాడు కుస్. ఆ రోజు వాళ్లు చేసింది నాకైతే నచ్చలేదు. అభిమానులూ మండిపడ్డారు. కుస్‌కు మిగిలిన ఆధిక్యం ఎనిమిది సెకన్లు. ఆ తర్వాత జట్టు అతని వెనకే నిలిచింది, వుయెల్టా అతనే గెలిచాడు. రెండేళ్ల తర్వాత అదే పోటీని వింగెగార్ గెలిచాడు. కొండల్లో అతని కోసం తొక్కినవాళ్లలో కుస్ ఒకడు.