మంచుచరియలు - మనవారి జాగ్రత్త

చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాల తెలుగువారికి మంచు యనగా చలికాలపు వేకువను నందికొండను గప్పు పొగమంచే. అట్టివారికి మంచుచరియల ప్రసంగ మెందుకని రాజధానియగు బెంగుళూరునందలి మిత్రులు ప్రశ్నింపవచ్చును. కాని ఆదివారములయందు నందికొండ నెక్కి కాళ్లు బలపఱచుకొనిన యువకులే, సెలవులు దొరకగానే హిమాలయముల దారి పట్టుచున్నారు. సైన్యమున జేరిన దక్షిణదేశీయుల మాట చెప్పనక్కఱలేదు. 2016 ఫిబ్రవరి 3వ తేదీన సియాచిన్‌లో సుమారు 19,600 అడుగుల యెత్తున విరిగిపడిన మంచు క్రింద మద్రాసు రెజిమెంటువారు పదిమంది చిక్కిరి. వారిలో కర్నూలు జిల్లావా డొకడు గలడు. కొన్నిదినముల పిమ్మట సజీవుడై బయల్పడిన ధారవాడ జిల్లా వీరుడు హనుమంతప్ప కొప్పద్ సైతము 11వ తేదీన ఢిల్లీలో కన్నుమూసెను.

2021 ఆగస్టులో భారీవర్షమునకు నందికొండ చరియ జారి దారి తెగిన సంగతి మన మెఱుగుదుము. వాననీటికి మన్ను పట్టు సడలినట్లే, క్రొత్త మంచు బరువునకు లోపలి బలహీనమైన పొర విరిగి, పైమంచంతయు నొక్కపెట్టున జారును. 30 మొదలు 45 డిగ్రీల వరకు గల వాలు మిక్కిలి ప్రమాదకరము. విహారార్థము పోయి మరణించినవారి విషయమున, ఆ పొరను విరిచినది పెక్కుమార్లు వారి యడుగో, తోడివారి యడుగో! కావున దైవకృతమను వాదము ఇచట చెల్లదు.

పెనుమంచు గురిసిన మఱునాడు వాలుపై నడువరాదు. కాలిక్రింద గుభిల్లుమను చప్పుడైనను, మంచుపై బీట పాఱినను వెనుదిరుగవలెను. దాటక తప్పనిచోట ఒక్కొక్కరే దాటవలెను. చిక్కుకొన్నవాడు ప్రక్కకు తప్పుకొన యత్నించి, మంచు నిలుచులోపల చేతులతో ముఖమునెదుట గాలికి చోటు చేసికొనవలెను.

పూడిపోయినవానికి గడువు స్వల్పము. పది నిమిషములలో వెలికిదీసినవారిలో పదింట తొమ్మండుగురు బ్రదుకుదురు. అరగంటకు మువ్వురే మిగులుదురు. దూరమునుండి వచ్చు రక్షకులు ఈ గడువు నందుకొనలేరు. ప్రక్కనున్న సహచరుడే దిక్కు. అందుచే సంకేతములు పంపు ట్రాన్సీవరు, మంచులో గ్రుచ్చి వెదకు పొడుగుపాటి కడ్డీ, పార ప్రతివాని యొద్దను ఉండవలెను, వాడుకయు దెలిసియుండవలెను.

బిడ్డలను బంపు తలిదండ్రులు రుసుమెంతయని మాత్రమే యడిగి యూరకుండరాదు. ఈ సాధనములు గలవా, చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థవారి మంచుచరియల హెచ్చరికలను చూచుచున్నారా, వాతావరణము చెడినచో వెనుకకు మరలింతురా యని యడుగవలెను. మూడింటికిని సరియైన సమాధానము రానిచో ప్రయాణము మానుటయే వివేకము.