పాలు కాగతా ఉండాయి, అమ్మ కాస్తా ఉండాది

'బాహుబలి' మొదటి భాగం 2015 జులై 10న విడుదలైంది. అందులో కాలకేయులు మాట్లాడే కిలికి భాషను తయారు చేసింది తమిళ గీత రచయిత మదన్ కార్కి. ఆస్ట్రేలియాలో ఉన్న రోజుల్లో పిల్లల్ని ఆడించడానికి ఆయన అల్లిన 'క్లిక్' అనే ఆటభాష దానికి విత్తనం. సినిమాలోకి వచ్చేసరికి సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు అయ్యాయి. 'మిన్' అంటే నేను. దాన్ని తిరగేస్తే 'నిమ్', అంటే నువ్వు. నాలుకను టక్కుమనిపించే చప్పుళ్ళకూ ఆ భాషలో చోటుంది. ఆ చప్పుడు మనకు అయ్యోపాపం అనడానికో, మేకల్ని అదిలించడానికో పనికొస్తుంది. దక్షిణాఫ్రికాలో జులు, ఖోసా మాట్లాడేవాళ్ళకు మాత్రం అది మన క, చ లాంటి మామూలు హల్లు. సినిమా తెలుగులోనూ తమిళంలోనూ వచ్చినా కాలకేయుడి మాటలు రెండింటికీ అవే. చంద్రగిరిలో చూసినవాళ్ళకూ తిరుత్తణిలో చూసినవాళ్ళకూ సమానంగా అర్థం కాలేదు!

సులువుగా వచ్చే కొత్త భాష కట్టాలనుకునేవాళ్ళు క్రియలను ఒక వరుసలో పెట్టాలని చూస్తారు. మినహాయింపులుండకూడదు, ఒకటి నేర్చుకుంటే అన్నీ వచ్చెయ్యాలి. మన పాఠ్యపుస్తకాల తెలుగు ఈ పరీక్షలో తప్పుతుంది. వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తారు, వస్తాయి అని చక్కగా నడుస్తూ నడుస్తూ ఆడమనిషి దగ్గరికో ఆవు దగ్గరికో రాగానే 'వస్తుంది' అని కాలు మడతపడుతుంది. చిత్తూరు వైపు చంద్రగిరి బస్టాండులో నిలబడి వినండి. 'బస్సు వస్తాది' అంటారు. వస్తాడు, వస్తాది, వస్తారు. గీత గీసినట్టుంటుంది వరుస. 'ఉండు' సంగతీ అంతే. పుస్తకంలో ఉండు కాస్తా 'ఉన్నాను' అయిపోయి ధాతువులోని 'డు' కనబడకుండా పోతుంది. ఇక్కడ ఉండాను, ఉండావు, ఉండాడు, ఉండాది. ధాతువు చెక్కు చెదరదు. 'చేశాను' అన్న మాటలో నకారం జారిపోయింది, స కాస్తా శ అయింది. 'చేసినాను' అంటే అన్ని అతుకులూ కళ్ళకు కనబడతాయి. ఈ యాసను మోటు అన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. వ్యాకరణం లెక్కన చూస్తే మోటు ఎటువైపుందో వాళ్ళే చెప్పాలి. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'మిట్టూరోడి కథలు' ఈ వైపు పలుకుబడిలోనే రాసి పుస్తకాల తెలుగుకు అలవాటుపడ్డ పాఠకులను తనవైపు తిప్పుకున్నాడు.

1887లో వార్సా నగరంలో జామెన్‌హోఫ్ అనే కంటి డాక్టరు ఎస్పెరాంతో భాషను అచ్చేయించాడు. మొత్తం 16 సూత్రాలు. క్రియలో కాలాన్ని చెప్పేది ఒక్క అచ్చు. వెనాస్ అంటే వస్తున్నాడు, వెనిస్ అంటే వచ్చాడు, వెనోస్ అంటే వస్తాడు. అ, ఇ, ఓ. ఎంత తెలివి అని లోకం మెచ్చుకుంది. ఇప్పుడు 'అడుగు' అన్న మాటను నోట్లో తిప్పి చూడండి. అడుగుతాడు, అడిగినాడు, అడగడు. మధ్యలో ఉ, ఇ, అ. తిరుగుతాడు, తిరిగినాడు, తిరగడు. పలుకుతాడు, పలికినాడు, పలకడు. వెనకొచ్చే ప్రత్యయాన్ని బట్టి నడిమి అచ్చు రంగు మార్చుకుంటుంది. ఎస్పెరాంతోలో అచ్చే కాలాన్ని చెబుతుంది, మనదాంట్లో ప్రత్యయానికి తోడుగా మారుతుంది. తేడా అంతే. మూడోదాన్ని ఇంకోసారి చూడండి. 'అడగడు'లో కాదు, లేదు అన్న మాటే లేదు. అయినా కాదనే అర్థం ఎలా వచ్చింది? నెల్లూరు వెళ్ళినా న్యూజెర్సీ వెళ్ళినా మనం రోజూ వాడే ఈ రూపం గురించి ఒక్కసారైనా ఆశ్చర్యపోయామా?

ఎస్పెరాంతోలో 'బోలాస్' అంటే కాగుతోంది. దానికి 'ఇగ్' చేర్చి 'బోలిగాస్' అంటే కాస్తోంది. తనంతట జరిగేది ఒకటి, ఇంకొకరు చేసేది ఇంకొకటి. చంద్రగిరి వంటింట్లో ఇదే సంగతి 'పాలు కాగతా ఉండాయి, అమ్మ కాస్తా ఉండాది' అవుతుంది. కాగు, కాచు. వంగు, వంచు. దిగు, దించు. పెరుగు, పెంచు. 'గు' ఉంటే దానంతట అదే, 'చు' ఉంటే ఎవరో చేయి పెట్టారన్నమాట.

ఇంతకన్నా పెద్ద ఆట టోల్కీన్‌ది. 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రాసిన ఈ ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసరు ఒక భాషతో ఆగలేదు. ముందు ఒక తల్లి భాషను ఊహించి, దానిలోంచి ధ్వనులు ఎలా మారాయో సూత్రాలు రాసుకుని, క్వెన్యా, సిందారిన్ అనే ఇద్దరు పిల్లల్ని పుట్టించాడు. 'మాట'ను క్వెన్యాలో క్వెత్తా అంటారు, సిందారిన్‌లో పెథ్. ఒకచోట క్వ, ఇంకోచోట ప. ఆయన బల్ల మీద కూర్చుని కల్పించిన ఈ చుట్టరికం చిత్తూరు వైపు బస్సెక్కితే టికెట్టు ధరకే దొరుకుతుంది. ఇక్కడ పాలు, తమిళనాడులోకి దాటితే పాల్, కుప్పం అవతల కర్ణాటకలోకి అడుగుపెడితే హాలు. ఇక్కడ పోతాడు, అక్కడ హోగ్తానె. పాత కన్నడంలో అదీ పకారమే, తర్వాత గాలిగా పలచబడి హ అయింది. చెవి విషయంలో మాత్రం దారి మార్చింది మనమే. కన్నడంలో కివి. తెలుగూ తమిళమూ కలిసి క ను చ చేసుకుంటే కన్నడం పాతదాన్నే దాచుకుంది.

2009లో వచ్చిన 'అవతార్' కోసం పాల్ ఫ్రామర్ కట్టిన నావి భాషలో 'తూతె' అంటే మనిషి. బహువచనానికి ముందు 'అయ్' పెడితే 'అయ్‌సూతె' అవుతుంది. త మెత్తబడి స అయింది. క అయితే హ, ప అయితే ఫ. హాలీవుడ్ వింత అనుకునేలోపు తొమ్మిదో తరగతి తెలుగు మాస్టారు గుర్తొస్తాడు. గసడదవాదేశ సంధి. క, చ, ట, త, ప లు వరసగా గ, స, డ, ద, వ లవుతాయి. చిన్నయ సూరి 'బాలవ్యాకరణం'లో ఈ సూత్రానికి రెండు మార్కులు పోగొట్టుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. 'అవతార్'లోని నీలిరంగు మనుషులకు కూడా ఆ బాధ తప్పలేదని తెలిసి మనసు కుదుటపడింది.

'స్టార్ ట్రెక్' సినిమాల క్లింగాన్ భాషను మార్క్ ఓక్రాండ్ కావాలనే ఎదురునడకలో పెట్టాడు. కర్మ ముందు, క్రియ తర్వాత, కర్త చివర. లోకంలో బహు అరుదైన వరుస అది. 'సంగటి తిన్నాడా వాడు?' అని మనవడి గురించి అడిగే అవ్వకు ఆ సంగతి చెప్పొద్దు.

ఈ సినిమాలేవీ రాకముందే మన పిల్లల దగ్గర సొంత దొంగభాష ఉంది. క భాష. ప్రతి అక్షరం ముందూ క పెట్టడమే. 'పోతా' అంటే 'కపో కతా'. 'వస్తా' అంటే 'కవ కస్తా'. ఇక్కడ ఒక చిత్రం ఉంది. నోరు పలికేటప్పుడు 'వస్-తా' అని విరుస్తుంది. పిల్లలు విరిచేది 'వ-స్తా' అని, పలక మీద రాసుకున్నట్టు. చెవికి అందకూడదని కల్పించిన భాష ఒత్తులూ గుణింతాల లెక్కలో నడుస్తోంది!

పెద్దవాళ్ళ భాష 'గి' భాష. పులీ గిలీ, పనీ గినీ. మొదటి అచ్చు పొట్టిదైతే గి, పొడుగైతే గీ. కాఫీ గీఫీ, పాలూ గీలూ. ఎవరూ నేర్పకుండానే మూడేళ్ళ పిల్ల కూడా ఈ కొలత తప్పదు. 1957లో 'మాయాబజార్' రాసిన పింగళి నాగేంద్రరావు ఈ సూత్రాన్నే పట్టుకుని తల్పానికి గిల్పం, కంబళికి గింబళి పుట్టించి, ఆ ఉత్తుత్తి మాటలకు నిజం వస్తువులను జోడించాడు. క్రియలను కూడా ఇది వదలదు. వస్తే గిస్తే, తిన్నా గిన్నా. కాలమూ పురుషా అన్నీ పదిలంగా ఉంటాయి, మొదటి అక్షరమే వేషం మారుస్తుంది. ఈ యంత్రం ఒక్కచోటే మొరాయిస్తుంది. గిన్నెకు జోడీ పెట్టి చూడండి. అందుకే కాబోలు మా ఇంట్లో 'గిన్నెలూ గరిటెలూ కడిగినారా?' అంటారు.