నులిపురుగుల జాడ తీయుట

మలినమైన మట్టి ద్వారా మన శరీరమును చేరు నులిపురుగులలో కొంకిపురుగు ఒకటి. ఇది ప్రేవు గోడను పట్టుకొని రక్తమును పీల్చును. దీనివలన రక్తహీనత కలుగును.

ఇవి కడుపులో నున్నవని తెలిసికొనుట యెట్లు? మలమును సూక్ష్మదర్శనితో పరీక్షించి, వీని గ్రుడ్లను వెదకుట చిరకాలముగా నున్న పద్ధతి. ఇది చౌకయైనదే, కాని గ్రుడ్లు స్వల్పముగా నున్నచో కంటబడవు. కొంకిపురుగు గ్రుడ్లు గాజుపలకపై కొలది సేపటికే కనుమరుగు కావచ్చును. అంతేగాక, రెండు జాతుల కొంకిపురుగుల గ్రుడ్లు ఒకే రూపమున నుండును.

రూపము ఒకటే యైనను, లోనున్న డి.ఎన్.ఏ. వేరు. ప్రతి జాతికిని దానికే చెందిన డి.ఎన్.ఏ. భాగములు కలవు. 1983లో కారీ ముల్లిస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన పి.సి.ఆర్. పద్ధతిలో అట్టి భాగమునకు నకళ్లు తీయుదురు. ఒక్కొక్క మారు నకళ్లు రెట్టింపగును. ఒకటి రెండగును, రెండు నాలుగగును. ఇట్లు 30 మారులు జరిగినచో, ఒక్కటి నూరు కోట్లను మించును! అత్యల్పమైన జాడ కూడ ఇట్లు బయటపడును.

దీనికి విలువైన యంత్రములును, శిక్షణ పొందినవారును కావలెను. కావున ప్రతి గ్రామమునను ఈ పరీక్ష సాధ్యము కాదు. మరి దీని ప్రయోజన మేమి? మన దేశమున 2015లో జాతీయ నులిపురుగుల నిర్మూలన దినము ప్రారంభమైనది. ఆనాడు పిల్లలకు ఆల్బెండజోల్ మాత్రల నిత్తురు. పురుగులు తగ్గినకొలది గ్రుడ్లును అరుదగును. సూక్ష్మదర్శనికి కానరాలేదని మందు మానినచో, మిగిలిన కొన్నియే మరల వ్యాపింపవచ్చును. మందు ఎప్పుడు ఆపదగునో నిశ్చయించుటకు పి.సి.ఆర్. తోడ్పడును.

అయితే పరీక్ష పురుగును చూపును గాని, రాకుండ ఆపలేదు. మరుగుదొడ్డి వాడుట, చెప్పులు తొడుగుట, చేతులు కడుగుకొనుట మన చేతిలోని పనులే.